రెండు కప్పుల టీ తగ్గించండి

బాంబులు వేసేది రష్యా, పడేది ఉక్రెయిన్ మీద, టీ మానుకోవాల్సింది మాత్రం పాకిస్తాన్‌వాడు. 2022 జూన్‌లో అక్కడి ప్రణాళికా మంత్రి అహసన్ ఇక్బాల్ జనాన్ని బతిమాలుకున్నాడు: రోజుకు ఒకటి రెండు కప్పులు తగ్గించుకోండి బాబూ, తేయాకు కూడా అప్పు చేసి తెస్తున్నాం అని. యుద్ధంలో ప్రాణాలు అడిగిన నాయకులను చూశాం. టీ అడిగినవాడు ఈయనే.

టీ సంగతి అటుంచండి. అసలు తమాషా గ్యాస్‌ది. రష్యా గొట్టం బిగించగానే యూరప్ డబ్బు సంచి పట్టుకుని, ఓడల్లో వచ్చే ద్రవ సహజ వాయువు (ఎల్ఎన్‌జీ) అంగట్లోకి దిగింది. పాకిస్తాన్‌కు ఏళ్ల తరబడి సరఫరా చేస్తామని సంతకాలు పెట్టిన వ్యాపారులే ఓడలు ఎగ్గొట్టారు. జరిమానా కట్టినా యూరప్ ధరకు అమ్ముకుంటే మిగులే మరి! ఇదే పని మన కిరాణా కొట్టు శెట్టి చేస్తే మోసం అంటాం. ఓడల స్థాయిలో చేస్తే మార్కెట్ అనాలి. జూలైలో పాకిస్తాన్ సుమారు వంద కోట్ల డాలర్ల గ్యాస్‌కు టెండరు పిలిచింది. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. బంగ్లాదేశ్ ఆ బేరాలు మనవల్ల కావని విరమించుకుని, ఏ పేటలో ఎప్పుడు కరెంటు పోతుందో టైంటేబుల్ వేసి మరీ చెప్పింది.

2021 నవంబర్‌లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు మానండర్రా అని లోకానికి హితబోధ జరిగింది. మరుసటి ఏడాదే జర్మనీ మూలన పడేసిన బొగ్గు కేంద్రాలను దుమ్ము దులిపి వెలిగించింది. తప్పేముంది, అక్కడ చలికాలం వస్తోంది. ఢాకాలో ఉక్కపోతకు ఆ హోదా లేదు.

యుద్ధానికి ముందు లెబనాన్ తినే గోధుమలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే. ముందే తెచ్చి దాచుకుందామంటే, బీరుట్ రేవులోని ధాన్యపు గోదాములు 2020 ఆగస్టు 4న పేలుడులో పనికిరాకుండా పోయాయి. శ్రీలంక పన్నులు తగ్గించి, రసాయన ఎరువులు నిషేధించి తన గొయ్యి తానే తవ్వుకున్న మాట నిజమే. కరోనా తర్వాత మళ్లీ బీచ్‌లకు రావడం మొదలుపెట్టిన రష్యన్లు, ఉక్రేనియన్లను రాకుండా చేసి, చమురు ధర పెంచి, ఆ గొయ్యిలోకి ఒక్క తోపు తోసింది మాత్రం యుద్ధమే. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. అదే ఏడాది సౌదీ అరాంకో లాభం 16,100 కోట్ల డాలర్లు. యుద్ధం వల్ల అందరూ నష్టపోయారనే పెద్దమనుషులు ఎవరి తరఫున ఏడుస్తున్నారో కనుక్కోవాలి.

మనమూ తక్కువ తినలేదు. లోకానికే అన్నం పెడతామని ఏప్రిల్‌లో ఢిల్లీ రొమ్ము విరుచుకుంది. మే 13న గోధుమల ఎగుమతి నిషేధించింది. ఇక్కడ ఉక్రెయిన్ నుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ చేతికందని రేటుకు పోయింది. కీవ్ పేరు విననివాళ్లు కూడా బజ్జీల మూకుడు దించి, యుద్ధానికి తమ వంతు సహకారం అందించారు.

మనకు కలిసొచ్చిందీ ఉంది లెండి. పడమటి దేశాలు వద్దన్న రష్యా చమురును చవగ్గా తెచ్చుకున్నాం. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో వందకు రెండు వంతులైనా లేనిది, 2023కి మూడో వంతు దాటింది. దాన్ని శుద్ధి చేసి, ముక్కు మూసుకున్న ఆ యూరప్‌కే డీజిల్‌గా అమ్మాం. రష్యా పేరు చెరిగిపోయింది కాబట్టి వాళ్లకూ మడి చెడలేదు. ఇంత చవక సరుకు వచ్చాక పెట్రోలు దిగిరావాలి కదా? హైదరాబాద్‌లో లీటరు రూ.109.66 దగ్గర, 2022 మే నుంచి దాదాపు రెండేళ్లు మేకు కొట్టినట్టు నిలిచింది. ఆ రాయితీలో మన వాటా ఎంతో తెలుసుకోవడానికి ఏ ఆర్థికవేత్తా అక్కర్లేదు. బంకులో కుర్రాడు గొట్టం చేతపట్టి, ప్రతి బండి దగ్గరా మర్యాదగా చెబుతూనే ఉన్నాడు: "సార్, జీరో చూసుకోండి!"