డైమన్ రెండు

మొన్న ఆదివారం మా క్లబ్బు కుర్రాడొకడు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అంకుల్, పోయిన వారం మీరు చెప్పిన చెయ్యి ఇందులో ఎక్కించి చూశాను. మీ పార్ట్‌నర్ వేసిన డైమన్ రెండు తప్పు ముక్క. ఒక ట్రిక్కు పోగొట్టారు" అన్నాడు. చూస్తే నిజమే, ఆ రెండు పక్కన ఎర్రగా గుర్తు ఉంది.

నలభై ఏళ్లకు పైగా ఆ ముక్కను నేను మరిచిపోలేదు. ఆ ముక్క వేసిన మనిషి ఇప్పుడు లేడు. ఆయన తరఫున మాట్లాడాల్సింది నేనే.

బ్రిడ్జి తెలియనివాళ్లకు ముందు రెండు మాటలు. టీమ్ బ్రిడ్జిలో మా నలుగురిలో ఇద్దరం ఒక గదిలో తూర్పు పడమరలుగా కూర్చుంటాం. మిగతా ఇద్దరూ ఇంకో గదిలో ఉత్తర దక్షిణాలుగా కూర్చుంటారు. ఇక్కడ ఆడిన ముక్కలనే అట్టలో పెట్టి అక్కడికి మోసుకెళ్తారు. ఇక్కడ నాకు చెత్త చెయ్యి వస్తే అక్కడ అవతలి జట్టువాడికీ అదే చెత్త. చివరికి రెండు గదుల స్కోర్ల తేడా తీసి, దాన్ని ఇంప్‌లనే పాయింట్లలోకి మారుస్తారు. 1960ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన రమ్మీ కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జి ముక్కలు పంచడంలో ఉన్న అదృష్టం లాంటిదేనని చెప్పింది. టీమ్ ఆటలో ఆ కాస్త కూడా మిగలదు. గెలిచినా ఓడినా మన బుర్రే కారణం.

ఇక ఆ చెయ్యి. 1970ల చివర్లో విశాఖలో ఒక టీమ్ టోర్నమెంటు. నేను రైల్వేలో గుమాస్తాని, రాజమండ్రి నుంచి రాత్రి ప్యాసింజర్లో వెళ్లాం. నా పార్ట్‌నర్ హైస్కూల్లో లెక్కల మాస్టారు, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. నేను పడమర, ఆయన తూర్పు. అవతలివాళ్లు వల్నరబుల్, అంటే వాళ్ల గెలుపుకూ ఓటమికీ పాయింట్లు ఎక్కువ. దక్షిణంలో కూర్చున్నాయన టూ నో ట్రంప్ చెప్పాడు. ఆ రోజుల్లో అందరం గోరెన్ లెక్కే పట్టుకునేవాళ్లం, అంటే 22 నుంచి 24 పాయింట్లు. ఎదుటివాడు త్రీ నో ట్రంప్ అన్నాడు. అంతే బిడ్డింగ్. ఇక వాళ్లు తొమ్మిది ట్రిక్కులు చెయ్యాలి.

నా చేతిలో ఇస్పేటు రాజు, జాకీ, 9, 8, 2. నాలుగో పెద్ద ముక్క 8 లీడు చేశాను. దక్షిణానికి ఎదుటి చెయ్యి, అంటే డమ్మీ, బల్ల మీద పరిచారు: ఇస్పేటు 7, 4, 3, ఆఠీను 7, 5, 2, డైమన్ ఆసు, రాణి, జాకీ, 10, 5, కళావరు 8, 4. డైమన్లు తప్ప అందులో ఒక్క బొమ్మ లేదు.

మాస్టారు చేతిలో ఇస్పేటు 10, 6 ఉన్నాయి. 10 వెయ్యడానికి ఆలోచించాల్సిన పని లేదు. అయినా ముక్కలు బోర్లా పెట్టి, డమ్మీ వైపు చూస్తూ నిమిషం పైనే కూర్చున్నారు. తర్వాత 10 వేశారు. దక్షిణం రాణితో పట్టుకుని డైమన్ 6 తీసి డమ్మీ రాణి వేశాడు. మాస్టారి దగ్గర డైమన్లు రెండే, రాజూ రెండూ. కన్ను ఆర్పినంత సేపు కూడా ఆగకుండా రెండు వేశారు.

రాణి నిలిచింది. ఒంటరి రాజు మాస్టారి చేతిలో మిగిలింది. ఆటగాడు ఆసు కొట్టి ఉంటే అది రాలిపోయేది, ఐదు డైమన్లూ ఆడుకుని పన్నెండు ట్రిక్కులు చేసేవాడు.

ఆయన కొట్టలేదు. రాజు నా దగ్గరుందని నమ్మాడు. ఆఠీను రాజుతో తన చేతిలోకి వచ్చి, డైమన్ 3 ఆడి, డమ్మీ ఆసు దాచుకుని మళ్లీ ఫినెస్ చేశాడు. జాకీ మీద మాస్టారు రాజు వేసి, ఇస్పేటు తిప్పి ఆడారు. ఇక దక్షిణంలో డైమన్ ముక్క లేదు. డమ్మీలో ఆసు, 10, 5 కళ్లెదుటే ఉన్నాయి గాని అక్కడికి వెళ్లే దారి లేదు. ఇస్పేట్లు రెండు, ఆఠీన్లు రెండు, కళావర్లు మూడు, డైమన్ ఒకటి. ఎనిమిది. ఒకటి డౌన్.

నా పని కూడా కొంచెం ఉంది. ఆయన కళావర్లు ఆడుతుంటే నా దగ్గర మిగిలిన రెండు డైమన్లూ పారేశాను. ఒక్కటి ఉంచుకుని ఆఠీను పారేసినా, చివర్లో ఇస్పేటుతో నన్ను లోపలికి తోసి, నా చేతే డమ్మీకి డైమన్ ఆడించుకుని తొమ్మిదోది లాక్కునేవాడు. మాస్టారు అంత చేశాక నేను ఆ తప్పు చేసి ఉంటే ఈ వయసులో కూడా నిద్ర పట్టేది కాదు.

అవతలి గదిలో ఇదే కాంట్రాక్టు, ఇదే లీడు. అక్కడి తూర్పు మొదటిసారే డైమన్ రాజుతో పట్టాడు. మావాళ్లకు పదకొండు ట్రిక్కులు, 660. ఇక్కడ మాకు 100. మొత్తం తేడా 760, అంటే 13 ఇంప్‌లు. మాస్టారు లెక్క తప్పి ఆటగాడు పన్నెండు చేసి ఉంటే? 690కి 660కి తేడా ముప్ఫై, పోయేది ఒక్క ఇంప్. ఒక్క ఇంప్ పణంగా పెట్టి పదమూడు తేవడం. ఆ లెక్క ఆయన ఇస్పేటు 10 వెయ్యకముందే వేసేశారు.

ఎలా వేశారో రాత్రి స్టేషన్లో, బండి కోసం కూర్చున్నప్పుడు చెప్పారు. "నువ్వు 8 లీడు చేశావు. పదకొండులోంచి ఎనిమిది తీస్తే మూడు. నీ ముక్క కంటే పెద్దవి నీ దగ్గర కాక మూడున్నాయి. డమ్మీలో లేవు, నా దగ్గర 10 ఉంది, మిగతా రెండూ అతని దగ్గరే. పైగా 22 పాయింట్లు. రాజుతో పడితే అతనికి నాలుగు డైమన్లు వస్తాయి, ఆట అక్కడితో సరి. డమ్మీకి వేరే దారి లేదు కదోయ్. ఇక అతను ఆశపడాలి, అంతే." సిగరెట్ పెట్టె చింపి దాని లోపలి వైపు నాలుగు చేతులూ గీసి మరీ చూపించారు.

ఇప్పుడా ఫోను దగ్గరికి వస్తాను. ఆ యంత్రం నాలుగు చేతులూ తెరిచి చూస్తుంది. ఆటగాడు కూడా నాలుగూ చూస్తున్నాడనే లెక్కలో తీర్పు చెబుతుంది. అలా చూసేవాడు ఆసు కొట్టి రాజును రాల్చేస్తాడు కాబట్టి, రెండు వేస్తే ఒక ట్రిక్కు పోయినట్టే. లెక్క సరైనదే. కాని దాచిపెట్టడం అంటే ఏమిటో ఆ లెక్కకు తెలియదు. బల్ల దగ్గర కూర్చున్న మనిషి చూసేవి తన పదమూడు, డమ్మీ పదమూడు. తక్కినవి ఊహించుకోవాలి. ఆ ఊహ తప్పేటట్టు చెయ్యడమే డిఫెన్స్. ఒక మనిషికి 13 ముక్కలు పడే తీరులే 63,501 కోట్ల పైచిలుకు. మా చిన్నప్పుడు అందులో ఒక్కొక్క చేతి గురించి వారం రోజులు వాదించుకునేవాళ్లం. ఇప్పుడు ఆట అయిన మరుక్షణం తెర మీద జవాబు వస్తుంది, అందరూ లేచిపోతారు. జవాబు వచ్చాక ప్రశ్న ఎవడు అడుగుతాడు?

తప్పంతా కొత్తకాలానిదే అనను. బిడ్డింగ్ బాక్సు చాలా మంచి వస్తువు. మేం నోటితో బిడ్ చెప్పే రోజుల్లో గొంతు పెంచి ఒక అర్థం, తగ్గించి ఒక అర్థం ఇచ్చేవాళ్లుండేవారు. నాలుగు క్షణాలు ఆగి పాస్ చెబితే, అది పాస్ కాదని వాడి పార్ట్‌నర్‌కు తెలిసిపోయేది. అది నాకు ఎప్పుడూ సహించేది కాదు. ప్రపంచ స్థాయిలో కూడా 1975లో, బెర్ముడాలో జరిగిన బెర్ముడా బౌల్‌లో మొట్టమొదటిసారి బల్ల మధ్య తెరలు పెడితే, ఒక ఇటలీ జంట బల్ల కింద కాళ్లతో కబుర్లు చెప్పుకుంటోందని గొడవ లేచింది. కార్డు తీసి బల్ల మీద పెడితే గొంతు బాధ ఉండదు. ఇది మెరుగే.

బిడ్డింగ్ అంటే మాట్లాడుకోవడమన్నది మాత్రం పోయింది. 1969లో తైవాన్ జట్టు ప్రెసిషన్ పద్ధతితో బెర్ముడా బౌల్‌లో రెండో స్థానం కొట్టాక మేమూ ఎగబడి నేర్చుకున్నాం, కాదనను. అయితే ఒక పద్ధతి నేర్చుకుంటే ఒకే పార్ట్‌నర్‌తో రెండు మూడేళ్లు ఆడి అరగదీసేవాళ్లం. ఆయన పాస్ చెబితే ఎందుకు చెప్పాడో తెలిసేది. ఇప్పుడు కుర్రాళ్ల దగ్గర అరవై పేజీల నోట్సు ఉంటుంది, పార్ట్‌నర్ మాత్రం వారానికొకడు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ మనకు బంగారు పతకం తెచ్చారు. ఒకరికి 60 ఏళ్లు, ఇంకొకరికి 56. ఏళ్ల తరబడి కలిసి ఆడిన జంట. ఆ రాత్రి మా క్లబ్బులో స్వీట్లు పంచాం. కుర్రాళ్లు కూడా సంతోషించారు, కాని వాళ్లు ఆ వయసు గురించే మాట్లాడారు. ఆ జంట గురించి ఒక్కడూ మాట్లాడలేదు.

పోయిన ఏడాది ఒక మ్యాచ్‌లో అవతలివాళ్లు సిక్స్ స్పేడ్స్ చెప్పారు. నా దగ్గర తురుపు ఆసు ఉంది, కళావరు ఒక్కటీ లేదు. డమ్మీ కానున్న చెయ్యి ముందే కళావర్లు చెప్పి ఉంది. డబుల్ చెప్పాను. లీడు చెయ్యాల్సిన పార్ట్‌నర్‌కు, "మామూలు లీడు వద్దు, డమ్మీ మొదట చెప్పిన రంగు ఆడు" అని ఆ డబుల్ అర్థం. లైట్నర్ అనే ఆటగాడు దీన్ని 1929లోనే చెప్పాడు. మా పార్ట్‌నర్ ఆఠీను రాజు ఆడాడు. వాళ్లు ఆసుతో పట్టి తురుపు లాగారు. నా ఆసు ఒక్కటే మాకు దక్కింది, స్లామ్ అయిపోయింది. కళావరు వస్తే నేను తురుపుతో కోసి, ఆసు కొట్టి పడేసేవాణ్ని. తర్వాత అడిగితే, "రాజు, రాణి, జాకీ వరసగా ఉంటే అదే బెస్ట్ లీడని లెక్కలు చెబుతున్నాయి అంకుల్" అన్నాడు. లెక్కలు నిజమే కావచ్చు. నేను డబుల్ చెప్పిన సంగతి ఆ లెక్కలకు తెలియదు కదా. బల్ల అవతల కూర్చుని నేను అరిచి చెప్పినంత పని చేశాను. వినలేదని నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది.

మాస్టారి దగ్గర హ్యూ కెల్సీ రాసిన 'కిల్లింగ్ డిఫెన్స్ ఎట్ బ్రిడ్జ్' ఉండేది. 1966 నాటి పుస్తకం, అట్ట ఊడిపోతే క్యాలెండరు కాగితం అంటించుకున్నారు. ఒక్కో చేతిని నాకు చూపించేటప్పుడు మిగతా రెండు చేతుల మీదా తన అరచెయ్యి అడ్డం పెట్టేవారు. నేను ముక్క చెప్పి, ఎందుకో చెప్పేదాకా ఆ చెయ్యి తీసేవారు కాదు. ఒకసారి భోజనాల వేళ దాటినా తియ్యలేదు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. విన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపటికి ఒకటే అడిగాడు: "అంకుల్, ఆ డైమన్ రెండు వెయ్యడానికి ఆయన ఎంతసేపు తీసుకున్నారు?"

"అప్పుడు అసలు తీసుకోలేదు నాయనా. అక్కడ ఆగితే రాజు తన దగ్గరుందని చెప్పేసినట్టే. ఆలోచన అంతా ఇస్పేటు 10 దగ్గరే అయిపోయింది."

ఈ ఆదివారం అతను నాకు ఎదురుగా తూర్పులో కూర్చున్నాడు. మూడో బోర్డు, త్రీ నో ట్రంప్. నేను లీడు చేశాను, డమ్మీ పరిచారు. ఆటగాడు డమ్మీలోంచి చిన్న ముక్క తీయించాడు. కుర్రాడు వెంటనే వెయ్యలేదు. చేతిలో ముక్కలు బోర్లా పెట్టి, డమ్మీ వైపు చూస్తూ కూర్చున్నాడు. "వెయ్యి బాబూ" అన్నాడు ఆటగాడు. కుర్రాడు తలెత్తలేదు.