కాకినాడ ఫోను

2025 అక్టోబరు 28. మొంథా తుపాను తీరానికి దగ్గరపడుతోంది. తెలంగాణలోని బసంత్‌నగర్‌లో, ఒక ఇంట్లో సెలవుకొచ్చిన చిన్నకొడుకు ల్యాప్‌టాప్ ముందునుంచి లేవడం లేదు. తుపాన్లు ఉన్నట్టుండి బలపడటాన్ని కంప్యూటర్ మోడళ్లతో ముందే పసిగట్టడం అతని పరిశోధన. అక్క ఉండేది కాకినాడలో.

"గంత భయమేందిరా?" అంది తల్లి.

"24 గంటల్ల గాలివేగం 55 కిలోమీటర్లు పెరిగే తుపాన్లుంటయమ్మా. 2018ల తిత్లీ గట్లనే బలిసి పలాస దిక్కు కొబ్బరితోటలను పండవెట్టింది. 2023ల మెక్సికోల ఓటిస్ ఒక్కరోజుల ఐదో కేటగిరీకి పోయింది. మోడళ్లకు అందనే లేదు."

సముద్రం లోతుదాకా వెచ్చగా ఉందా, గాలిలో తేమెంత, పైగాలులు తుపాను పైభాగాన్ని పక్కకు నెడుతున్నాయా, అన్నీ చూడాలి. తుపాను కంటిచుట్టూ లేచే మేఘాల గోడ మోడల్‌కు చిక్కాలంటే రెండేసి కిలోమీటర్ల గడులుగా లెక్కగట్టాలి. కొత్త ఫలితం వచ్చినప్పుడల్లా చూశాడు. గాలి 90, 100 కిలోమీటర్లు దాటదనే తేలింది. వాతావరణ శాఖ బులెటిన్‌ను అక్కకు పంపి, "రేకుల కింద ఉండకుండ్రి, ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండ్రి" అని పదేపదే చెప్పాడు.

మధ్యలో తల్లి అడిగింది: "బిడ్డా, వడ్లు ఆరబోసి ఉన్నయి. టార్పాలిన్లు కిరాయికి తేవాల్నా?"

"గాలి మనదాకా రాదమ్మా" అన్నాడు, తెరమీంచి కళ్లు తిప్పకుండానే.

ఆ రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. గాలి లెక్క తప్పలేదు. అక్క క్షేమంగా ఉంది. "ఇగ బలహీనపడుతది" అని చెప్పి, తృప్తిగా పడుకున్నాడు.

బలహీనపడింది గాలే. మోసుకొచ్చిన నీళ్లన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. 29న తెలంగాణ మీద కుమ్మరించింది. ఎప్పుడో మూతపడ్డ ఎయిర్‌పోర్టు దిక్కున్న కల్లంలో వడ్లు వరదలో కొట్టుకుపోయాయి.

మిగిలినన్ని కొంగులో ఎత్తుకొచ్చి తల్లి అడిగింది: "ఇంత వానస్తదని నీ మిషన్ చెప్పలేదా?"

అక్కకు పంపిన బులెటిన్ తెరిచాడు. గాలివేగం దగ్గర తాను గీసిన ఎర్రగీత. దాని కిందే, తెలంగాణకు భారీ వర్షాల హెచ్చరిక.

"చెప్పిందమ్మా."

తల్లి కొడుకు ముఖంలోకి చూసింది.

"కాకినాడకు చెప్పినవు గని, కల్లానికి చెప్పకపోతివి బిడ్డా."