కిక్‌బోర్డు ఫిర్యాదు

నేను కిక్‌బోర్డును. ఫోమ్‌తో చేసిన చదునైన పలకను. ఏ ఫ్యాక్టరీలో కోశారన్నది పెద్ద సంగతేమీ కాదు గానీ వంశం మాత్రం చెప్పుకోవాలి. మన ఊళ్ల బావుల్లో పిల్లల నడుముకు కట్టిన ఎండు సొరకాయ బుర్రలూ బెండ్లూ నా పెద్దలు. పిల్లాడికి ఈత వచ్చేదాకా మోసి, రాగానే మర్యాదగా సెలవు తీసుకునేవి. నలభై దాటాక ఈత కొలనుకు వచ్చేవాళ్లు నాకు ఆ సెలవు ఇవ్వరు. ఈత రాదు, నన్ను వదలరు. తీరా విసుగు పుట్టాక గట్టు మీద పడేస్తారు. చెప్పులు వేసుకునేటప్పుడు పీటగా వాడతారు. క్లోరిన్‌కు నా నీలం రంగు వెలిసింది, ఎండకు పైపొర పగిలింది, ఒక మూల ఎవరి పిల్లాడో కొరికిన పళ్ల గాట్లున్నాయి. ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది, వాళ్ల ఫ్రీస్టైల్ బాగుపడకపోవడానికి కాళ్లలో బలం లేదని తేల్చి, ఆ బలం కోసమంటూ నన్ను పట్టుకోవడం.

లోపం బలానిది కాదు, వాలుది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి ఛాతీ తేలుతుంది, తుంటి నుంచి కిందిభాగం దిగుతుంది. తల ఎత్తితే ఇంకా దిగుతుంది. గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రత ఉన్న నీటిలో అలా ఏటవాలుగా వెళ్లడమంటే, ఒంటిని ఒంటికే అడ్డం పెట్టుకోవడం. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది, క్షణక్షణం ఖర్చయ్యే శక్తి ఎనిమిది రెట్లు. అంటే కండ పెంచితే దక్కేది కొంచెమే, అడ్డు తగ్గిస్తే దక్కేది చాలా. అమెరికాలో టెర్రీ లాఫ్లిన్ ‘టోటల్ ఇమ్మర్షన్’ పేరుతో పెద్దలకు నేర్పిన పద్ధతి కూడా సమతూకంతోనే మొదలవుతుంది. మనవాళ్లు నాతో చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. నా పై అంచు పట్టుకుని, గడ్డం నీటిపైన నిలిపి, పక్క లేన్ వాళ్లతో కబుర్లాడుతూ, మోకాళ్లతో సైకిల్ తొక్కుతారు. కాలువ దాటేవాడు తలెత్తి ఈదాడంటే అవతలి గట్టు కనిపించాలి కాబట్టి. కొలనులో కనిపించాల్సింది అడుగున ఉన్న నల్ల గీత.

ఒలింపిక్ ఈతగాళ్లూ నన్ను పట్టుకుంటారు కదా అంటారు. పట్టుకుంటారు, సమతూకం ఎప్పుడో వచ్చేసిన ఒంటితో, కాళ్లకు ప్రత్యేకంగా పని పెట్టడానికి. పొట్టి పందేల్లో రెండు చేతులూ ఒకసారి తిరిగేలోపు కాళ్లు ఆరుసార్లు ఆడతాయి. దూరం ఈదేవాళ్లలో చాలామంది రెండుసార్లతో సరిపెట్టుకుంటారు, ఎందుకంటే తొడ కండరాలు ఆక్సిజన్ మింగేస్తాయి. వయసుతో చీలమండలు బిగుసుకున్నాయి, ఇక మాకు రాదులే అన్న అభ్యంతరంలో నిజముంది. పాదం వెనక్కి సాగకపోతే తన్నినా ముందుకు కదలరు, కొందరైతే వెనక్కే వెళతారు. అందుకే మరీ గట్టిగా తన్నొద్దంటున్నాను. తుంటి నుంచి చిన్నగా ఆడిస్తే చాలు. ఇక ఆయాసం. దానికి చాలావరకు కారణం నీళ్లలో ఊపిరి బిగపట్టడం. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. మొహం నీటిలో ఉన్నంతసేపూ బుడగలు వదిలితే, పక్కకు తిరిగినప్పుడు పీల్చడమొక్కటే మిగులుతుంది. తల ఎత్తే పనే ఉండదు.

నన్ను పారేయమనడం లేదు. మొహం నీటిలో దించి, ఒక చెయ్యి నా మీద చాచి ఉంచి, రెండో చెయ్యి వేయండి. ఊపిరికి ఒంటితో పాటు తిరగండి, ఒక కన్ను నీటిలోనే ఉండనివ్వండి. అది కుదిరాక నేను లేకుండా 25 మీటర్లు ఈది, ఎన్ని చేతులు వేశారో లెక్కపెట్టండి. అదే సమయంలో లెక్క తగ్గిందా, అడ్డు తగ్గినట్టే. సమయం పెరిగి లెక్క తగ్గిందా, చెయ్యికీ చెయ్యికీ మధ్య ఆగిపోతున్నారన్నమాట. దీనికి నాతో పని లేదు, గోడ గడియారం చాలు.