మార్తెనో తరంగాలు: ఒక వాద్యం ఆత్మకథ

తన పుట్టుపూర్వోత్తరాలను తానే చెప్పుకొంటున్న ఈ వాద్యం పేరు ‘ఓంద్ మార్తెనో’. ఫ్రెంచిలో దానికి ‘మార్తెనో తరంగాలు’ అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రేడియో టెలిగ్రాఫిస్టుగా పనిచేసిన మోరిస్ మార్తెనో, చెవికందనంత అధిక పౌనఃపున్యం గల రెండు విద్యుత్ డోలనాలు కలిసినప్పుడు వాటి భేదం స్వరమై వినిపించడాన్ని గమనించి, తాను చెల్లో వాదకుడు కనుక ఆ స్వరానికి తంత్రీవాద్యపు సౌకుమార్యం అబ్బాలని కోరి, 1928లో దీనిని పారిస్‌లో లోకానికి పరిచయం చేశాడు.

పియానోకున్నట్లే మెట్ల వరుస ఉన్నా, దీని ప్రాణం అక్కడ లేదు. మెట్ల ముందు అడ్డంగా సాగే తీగకు ఒక ఉంగరం ఉంటుంది. దానిని కుడి చూపుడువేలికి తొడుక్కుని జరిపితే, వీణపై జారు పలికినట్లు, నాదం ఎక్కడా తెగకుండా స్వరం నుంచి స్వరానికి సాగుతుంది. ఎడమచేతి కింది మీటను నొక్కితేనే ధ్వని. ఎంత నొక్కితే అంత. వేలు తీస్తే మౌనం. వేలి ఒత్తిడిలోని తడబాటు సైతం వినబడే తనను, విద్యుత్తుతో పలుకుతుంది కనుక వట్టి యంత్రమని అనడం ఈ వాద్యానికి ఎన్నడూ సమ్మతం కాదు.

దీని జన్మకు సార్థకత కలిగించినవాడు ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెసియాన్. సెర్గే కుస్సెవిట్‌స్కీ బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా కోసం కోరగా, ఆయన 1946–48 మధ్య పది భాగాల ‘తురంగలీల సింఫనీ’ని రచించాడు. 1949 డిసెంబరు 2న బోస్టన్‌లో లెనర్డ్ బెర్న్‌స్టైన్ నిర్వహణలో అది తొలిసారి వినిపించినప్పుడు, పియానో ముందు ఇవోన్ లోరియో, ఈ వాద్యం ముందు దీని సృష్టికర్త సోదరి జినెత్ మార్తెనో కూర్చున్నారు. తురంగమనే మాటలో మెసియాన్ గుర్రంలా పరుగెత్తే కాలాన్ని, లీలలో సృష్టిలయల క్రీడను, ప్రేమను చూశాడు.

ఆ సంస్కృత నామం వెనుక గాఢమైన పరిచయమే ఉంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరంలోని 120 దేశీ తాళాల పట్టిక ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞాన సర్వస్వంలో కనబడగా, మెసియాన్ ఆ లయలను తన రచనలలోకి ఆహ్వానించాడు. తెలుగు రాజు సింగభూపాలుడు ‘సంగీత సుధాకరం’ పేర వ్యాఖ్య రాసిన ఆ గ్రంథం తెలుగువారికీ ఆత్మీయమైనదే. మొదటి నుంచి చూసినా చివరి నుంచి చూసినా ఒక్కటిగానే ఉండే లయలంటే మెసియాన్‌కు మక్కువ. పట్టికలోని ఢెంకీ తాళం అటువంటిదే. గురువు, లఘువు, గురువు: పద్యం చదువుకున్నవారికి అది ర గణం.

నూరుమందికి మించే తురంగలీల వాద్యబృందంలో, ఇత్తడి వాద్యాల ఘోషకూ తాళవాద్యాల దరువుకూ పైన నిలబడాలంటే ఈ వాద్యం గొంతెత్తి పలకవలసిందే. ‘ప్రేమ నిదురించే తోట’ అనే ఆరవ భాగం మాత్రం వేరు. అక్కడ ఇది తంత్రీవాద్యాలతో కలిసి ప్రేమగీతాన్ని అతి విలంబంగా పాడుతుంటే, పియానో పక్షుల కూతలను చిలకరిస్తుంది, ఎడమచేతి వేలు మీటపై ఈక వాలినట్లు ఆనుతుంది.