కొత్తోడు అడిగితే ఏం చెప్పకూడదు

పొద్దటి షిఫ్టు దిగి, అన్నం తిని, ఇస్నాపూర్‌లో ఒక అద్దెగదిలో నలుగురు చాప మీద కూర్చుని ఫోన్లలో బీజీఎంఐ అనే తుపాకుల ఆట తెరుస్తారు. అందులో ఒకడు పాశమైలారం ఫ్యాక్టరీలో నిన్నగాక మొన్న హెల్పర్‌గా చేరినవాడు. ఆటకీ కొత్తే. విమానంలోంచి దూకి, ఏదో ఇంట్లో దూరి, కింద పడున్న రెండు తుపాకులు చూసి, "అన్నా, దేనికి ఏ బుల్లెట్ ఎయ్యాలె?" అంటాడు.

చాలామంది సీనియర్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. "ఎం416కి 5.56, ఏకేఎంకి 7.62" అని నోరు జారతారు. మూడు సెకన్లలో వాడికి తెలిసిపోయింది. ఇన్నేళ్ళు నిద్ర పాడుచేసుకుని మీరు సంపాదించిన విద్య ఏమైనట్టు? అలాంటి నష్టం ఇంకెవరికీ జరక్కూడదనే ఈ చిట్కాలు.

ముందు నవ్వాలి. "గిది గూడ ఎర్క లేదారా?" అని, పక్కవాడు కూడా అందుకునేదాకా ఆగాలి. తర్వాత "నూబ్" అనాలి. ఈలోపు జోన్ మూసుకొస్తుంది. వాడు తూటాల్లేని తుపాకీ పట్టుకుని పోతాడు. నలుగురి స్క్వాడ్ ముగ్గురవుతుంది, కాసేపటికి మీరూ పోతారు. మ్యాచ్ వాడివల్లే పోయిందని అందరికీ వినపడేలా చెప్పడం మర్చిపోకండి.

ఆ తర్వాత అర్హత పరీక్ష. పబ్జీ మొబైల్‌ని కేంద్రం ఎప్పుడు నిషేధించింది? 2020 సెప్టెంబర్ 2. బీజీఎంఐ పేరుతో ఎప్పుడు తిరిగొచ్చింది? 2021 జూలై 2. మళ్ళీ ఎప్పుడు మాయమైంది? 2022 జూలై చివర్లో. మళ్ళీ ఎప్పుడొచ్చింది? 2023 మేలో. ఇవి గడగడా అప్పజెప్పలేనివాడికి తెల్ల వలయానికీ నీలం వలయానికీ తేడా అడిగే హక్కు ఎక్కడిది? (నీలం గీత మూసుకొస్తున్న హద్దు, తెల్లది తర్వాత మనం చేరాల్సిన చోటు. ఇది మీకూ నాకూ మధ్యే ఉండనీయండి.)

వాడు మరీ పట్టుబడితే "యూట్యూబ్‌ల చూస్కోరాదు" అనండి. ఇంతకన్నా మర్యాదగా కనిపించే తిరస్కారం ఇంకోటి లేదు. వీడియో పన్నెండు నిమిషాలుంటుంది. మొదట పాట, తర్వాత సబ్‌స్క్రైబ్ చేయమని వేడుకోలు, ఆపైన ప్రకటన. జవాబు వచ్చేసరికి వాడి ఆ రోజు డేటా అయిపోతుంది. ఆ జవాబూ నాలుగు అప్‌డేట్ల కిందటిది. మీరు మాత్రం దారి చూపించినవారే అవుతారు.

భాష కూడా మంచి ఆయుధం. పటాన్‌చెరు చుట్టుపక్కల గదుల్లో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళూ మన మెదక్, జహీరాబాద్ కుర్రాళ్ళూ పక్కపక్కనే ఉంటారు కదా. తెలుగులో అడిగినవాడికి హిందీలో చెప్పండి. హిందీలో అడిగినవాడికి ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో టైపు చేయండి. ఒడియాలో అడిగితే మైకు ఆపేయండి.

ఎదిగిన సీనియర్లు ఇంకో మెట్టు ఎక్కుతారు: తప్పు జవాబు చెప్తారు. ఇది మనవాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు, దీనికో సంప్రదాయం ఉంది. నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల్లో, తుపాకీ ఎలా కొనాలని కొత్తవాడు అడిగితే "ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 నొక్కు" అనేవారు. నొక్కగానే ఆటే మూసుకుపోయేది. సరైన జవాబు ఒక్క అక్షరం, బి. కానీ ఆ అక్షరం చెప్పేస్తే ఇక నవ్వడానికేం మిగులుతుంది? ఇప్పటి కుర్రాళ్ళకూ అవకాశాలు తక్కువేం కాదు. "పెనం ఎందుకన్నా?" అని అడిగితే "అట్లు పోస్కోనీకి" అనండి. నడుం కింద వేలాడే ఆ పెనం వెనక నుంచి వచ్చే తూటాని ఆపుతుందని వాడికి తెలిస్తే ఇంకో రెండు నిమిషాలు బతికేస్తాడు.

అడిగిందే అడుగుతున్నారని కొందరు సీనియర్లు నిజంగానే విసిగిపోతారు. వాళ్ళ మీద నాకు కాస్త జాలి ఉంది. అమెరికాలోనూ ఈ బాధ పాతదే. అక్కడి యూనివర్సిటీల్లో ప్రతి సెప్టెంబర్‌లో కొత్త విద్యార్థులు యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చల్లోకి దిగి అవే ప్రశ్నలు వేసేవారు. నెలరోజుల్లో సర్దుకునేవారు. తర్వాత ఇంటర్నెట్ ఇళ్ళలోకి వచ్చేసరికి ఆ రాక ఆగలేదు. 1993 సెప్టెంబర్ ఇంకా ముగియనే లేదని అక్కడి పాతకాపులు ఇప్పటికీ జోకేస్తారు. కొందరు చేతకానివాళ్ళు మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట రాసిపెట్టారు. మన దగ్గరా కందిలో ఐఐటీకి, రుద్రారంలో గీతమ్‌కి ఏటా కొత్త బ్యాచ్ దిగుతుంది, ఫ్యాక్టరీలకైతే నెలనెలా దిగుతుంది. ఒక వాట్సాప్ మెసేజ్‌లో పది జవాబులు రాసి పిన్ చేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, వాణ్ణి గ్రూపులోంచి తీసేయండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ చిట్కాలు ఫ్యాక్టరీ గేటు బయటే. లోపల ప్రెస్ మెషిన్ దగ్గర అదే కుర్రాడు "అన్నా, ఈ ఎర్ర బటన్ ఏంది?" అంటే మీరు నవ్వరు. "మెషిన్ ఆపేది. ఏమన్నా అయితే ముందు గదే కొట్టు" అని చెయ్యి పట్టుకుని చూపిస్తారు. రెండోసారి అడిగితే రెండోసారీ చూపిస్తారు. వాడి వేళ్ళు పోతే మీ లైను కూడా ఆగుతుందని మీకు తెలుసు, పైగా మీరు చేరిన రోజున ఎవరో మీకూ అలాగే చూపించారు. ఆ అలవాటు పొరపాటున మీ వెంట గదిదాకా వచ్చిందంటే సీనియారిటీ గంగపాలే.

ఇక డబ్బు ప్రశ్న. కొత్తవాడు అన్నిటికన్నా మెల్లగా, జీతం పడ్డ రోజున అడిగేది ఇదే: "అన్నా, ఆటలల్ల పైసలొస్తయంట గదా?" దీనికి అస్సలు జవాబివ్వకండి. పందెం ఆటలు వేరు, ఇలాంటి ఆటలు వేరని చెప్పకండి. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీకి తలుపులు మూసిందనీ, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసిందనీ చెప్పకండి. ఉచితంగా యూసీ (ఆటలో వాడే డబ్బు) ఇస్తామంటూ వచ్చే లింకు నొక్కొద్దనీ, ఓటీపీ ఎవడికీ ఇవ్వొద్దనీ అసలే చెప్పకండి. మీరు నోరు మూసుకున్నంత మాత్రాన వాడికి జవాబు దొరక్కుండా పోదు. లింకు పంపినవాడు ఎంతో ఓపికగా, "బ్రదర్" అని పిలుస్తూ, ఒక్కసారైనా నవ్వకుండా, అడిగినదానికల్లా విడమరిచి చెప్తాడు.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే ఒకటి రెండు నెలల్లో కొత్తవాళ్ళు అడగడం మానేస్తారు. ఆ తర్వాత ఆటే మానేస్తారు. అయినా మీకు కంగారక్కర్లేదు. ఎరాంగెల్ మ్యాప్‌లో వందమంది దిగాలి, మనుషులు చాలకపోతే ఆ ఖాళీల్ని కంపెనీ బాట్లతో, అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మలతో, నింపుతుంది. బాట్లు ఎప్పుడూ ఏమీ అడగవు. వాటితో హాయిగా ఆడుకోండి.