అన్నాచెల్లెళ్ళ గట్టు

నరసాపురం రేవులో పంటు కదలగానే సరంగు కేకేశాడు: "ఏరు పోటు మీదుందిరా, చూసుకో!"

ఎర్రగుడ్డ కట్టిన ముంత ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్న ప్రొఫెసరు గారు ఆ మాటకి తలెత్తారు. మనస్తత్వశాస్త్రం చెబుతారట. తండ్రి అస్థికలు అంతర్వేదిలో కలపడానికి వెళుతున్నారు. దుఃఖంలో ఉన్న మనిషికి తన విద్యే ఊతం కాబోలు, అడక్కుండానే చెప్పుకొచ్చారు.

"పోటు అనగానే మీకు తోచింది ఏటిపోటే కదండీ? కానీ అదే క్షణంలో పంటిపోటూ, కత్తిపోటూ కూడా బుర్రలో లేచే ఉంటాయి. లేచాయని మనకే తెలీదు."

1979లో డేవిడ్ స్విన్నీ అనే ఆయన దీన్ని పరీక్షించి చూశారట. ఇంగ్లీషులో 'బగ్' అంటే పురుగు, చాటుగా మాటలు వినే పరికరం కూడా. సాలీళ్ళు, బొద్దింకలు అంటూ సాగే వాక్యం చెవిలో వినిపిస్తూ, సరిగ్గా ఆ మాట దగ్గర తెర మీద ఇంకో మాట చూపించారు. విన్నవాళ్ళు 'చీమ'ని ఎంత చురుగ్గా పోల్చుకున్నారో, 'గూఢచారి'నీ అంత చురుగ్గానే పోల్చుకున్నారు. మరో మూడు అక్షరాలు పలికేంత సేపు ఆగి చూపిస్తే మాత్రం చీమ ఒక్కటే మిగిలింది. రెండో అర్థాన్ని సందర్భం నొక్కేసింది.

"నాన్నగారి మాట కూడా అంతేనండి. విడమరిచి చెప్పించుకోవలసిన పని లేకపోయింది."

ఆయనకీ చెల్లెలికీ కొబ్బరితోట వాటాల దగ్గర మాటలు పోయి ముప్పై ఏళ్ళు. గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చిన రోజు కొడుకుని పిలిచి, "నన్నూ చెల్లాయినీ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కలిపెయ్యరా" అన్నారట. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. ఒక పక్క ఏటి నీళ్ళు, ఒక పక్క సముద్రం, నడుమ ఇసుక గట్టు. ఆ వయసులో, ఆ జబ్బులో, ఆ చోటు పేరెత్తి అడిగితే ఏ కొడుక్కైనా అదే తోస్తుంది.

"ఇవాళ నాన్నగారివి. అత్త కాలం చేశాక ఆవిడవీ ఇక్కడికే తెస్తాను. మాటిచ్చానండి" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

సఖినేటిపల్లిలో దిగి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. మేము వెళ్ళేసరికే గట్టు దగ్గర ఆయన మేనత్త ఉంది. ఎవరో కబురు చేశారట. ముంత చూసి ఏడవలేదు. దగ్గరికొచ్చి ఎర్రగుడ్డ ముడి మీద చెయ్యి వేసింది.

"'మావాడికి చెప్పాను, భీష్మ ఏకాదశి తీర్థానికి తీసుకొస్తాడు' అని కబురంపాడురా అన్నయ్య. రెండేళ్ళూ తీర్థానికొచ్చి ఇక్కడే కూర్చుని చూశాను. ఇవాళ తెచ్చావా, నాయనా?"