రోబో చక్ర పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
చక్ర మొకటి జేసి చాకచక్యంబుగ
ఇరుసు చదును జూచి యింపు మరను
గట్టిగా బిగించి గాడిపై రబ్బరు
తొడిగి పందెమందు తొడరుమయ్య

అవతారిక: విజయనగర, మధుర నాయకుల కాలంలో దక్షిణానికి తరలిన తెలుగువాళ్లు కోయంబత్తూరు నల్లరేగళ్లలో పత్తి పండించి, తర్వాత మిల్లులు, ఫౌండ్రీలు, మోటార్ల ఫ్యాక్టరీలు పెట్టారు. పీలమేడులో పి.ఎస్.జి. ధర్మసంస్థ 1926లో, ఇంజనీరింగు కాలేజీ 1951లో వెలిశాయి. ఇంట్లో తెలుగు, లేతు దగ్గర తమిళం మాట్లాడే అక్కడి కుర్రవాడొకడు రోబో పోటీకి వెళ్తుంటే చెప్పిన పద్యమిది.

టీక: చక్రము = అల్యూమినియం కడ్డీలోంచి తరిగినది. జేసి = కొని కాదు, చేయించి. బజారు చక్రానికి మన మోటారు కొలత అన్నిసార్లూ పట్టదు గనుక. ఇరుసు = మోటారు షాఫ్టు, 6 మి.మీ. చదును = షాఫ్టు ఒక పక్క చెక్కిన భాగం. మర = గ్రబ్ స్క్రూ, చక్రాన్ని షాఫ్టుకు బిగించే తల లేని మర. ఇంపు = గణం నింపడానికి వచ్చింది, వదిలేయండి. గాడి = చక్రం అంచున తవ్విన కాలువ.

విశేషం: పద్యానికి ప్రాణం 'చదును జూచి'. మర మొన చదును మీద కూర్చుంటే సరే. గుండ్రటి వైపు కూర్చుందా, నాలుగు గుద్దులకే షాఫ్టును కొరికి జారుతుంది. మోటారు ఝుమ్మని తిరుగుతుంది, చక్రం మాత్రం పెళ్లిలో అలిగిన అల్లుడిలా కదలదు. చక్రంలో షాఫ్టు దూరే రంధ్రాన్నీ సరిగా చూడాలి: 5.8 మి.మీ.కి డ్రిల్ వేసి, రీమరుతో 6కి తేవాలి. నేరుగా 6.2 వేసే మేస్త్రీలున్నారు. ఆ చక్రం నడవదు, ఊగుతుంది.

శంక: చక్రం పెద్దదైతే వేగం కాదా? సమాధానం: అవును. నిమిషానికి 300 చుట్లు తిరిగే మోటారుకు 100 మి.మీ. వ్యాసమున్న చక్రం సెకనుకు 1.57 మీటర్లు పోతుంది, 150 అయితే 2.36. కాని నెట్టే బలం మూడోవంతు తగ్గుతుంది. ఎదుటివాణ్ని తోయాల్సిన పోటీలో ఆ వేగం పారిపోవడానికే పనికొస్తుంది.

పాఠాంతరం: 'రబ్బరు' స్థానంలో 'సిలికాను'. భగణం పోయి సలం వస్తుంది, ఛందస్సు చెడదు. అచ్చులో పోసుకున్న మెత్తటి సిలికాను పట్టు కూడా మెరుగే. అయితే దుమ్ము పట్టగానే జారుతుంది. ప్రతి ఆటకు ముందు స్పిరిటు గుడ్డతో తుడవాలి. ఈ పాఠమే గ్రాహ్యమని మా అభిప్రాయం.

తాత్పర్యం: షాఫ్టు చదును చూసి మర బిగించి, అంచుకు పట్టు తొడిగాకే పోటీకి దిగు.

కవి చెప్పనిది ఒకటుంది. నాలుగు చక్రాల రోబోకు, రెండు అదనంగా, ఆరు చక్రాలు చేయించుకోండి. లేతు సెట్టింగు ఒక్కసారే, మిగతా రెండింటికీ అయ్యేది సరుకూ కూలీ మాత్రమే.